చేబదులు పుస్తకం: కొరత రోజులకి గల్లీ అంతా కలిసి సిద్ధపడే పద్ధతి

2024 జనవరి 2. హిట్ అండ్ రన్ కేసుల్లో శిక్ష పెంచిన కొత్త చట్టం వద్దని ట్యాంకర్ల డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాద్‌లో ఏ పెట్రోల్ బంకు ముందు చూసినా పొడుగాటి లైను. చంచల్‌గూడలో ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడు బండి పక్కన పెట్టి గుర్రమెక్కి ఆర్డర్ ఇవ్వడానికి పోయిన వీడియో ఆ రోజుదే. ఊరంతా చూసి నవ్వుకుంది, మేమూ నవ్వుకున్నాం. అదే సాయంత్రం మా గల్లీ చివరింటి పెద్దాయనకి డయాలసిస్. ఆటోలు రాలేదు. ఆయన కొడుకు రెండు గంటలు బంకు దగ్గర నిలబడి ఖాళీ ట్యాంకుతోనే తిరిగొచ్చాడు. ఎలాగో పోయేసరికి రాత్రి పదయింది.

మర్నాడు మాటల్లో బయటపడింది. ఆ సాయంత్రం మా గల్లీలోనే ఫుల్ ట్యాంకుతో రెండు కార్లు, మూడు స్కూటర్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక స్కూటర్ నాదే. అడిగి ఉంటే ఎవరం కాదనేవాళ్ళం కాదు. ఎవరిని అడగాలో వాళ్ళకి తెలియలేదు, ఆయనకి డయాలసిస్ అన్న సంగతి మాలో సగం మందికి తెలియదు.

అప్పటినుంచి నాకు కొరత అంటే వేరే అర్థం వచ్చింది. చాలాసార్లు కావలసిన వస్తువు పక్కింట్లోనే ఉంటుంది, ఉన్నదన్న కబురు మాత్రం గోడ దాటదు. కాబట్టి ఈ పద్ధతిలో ముఖ్యమైన సరుకు ఒక నోటుబుక్కు, అదే చేబదులు పుస్తకం. మా మల్కాజిగిరి గల్లీలో 14 ఇళ్ళం కలిసి చేసినవి, చేసి చెడగొట్టుకున్నవి వరసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ కొరతకి సిద్ధపడుతున్నారో తేల్చుకోండి

అన్ని కొరతలూ ఒకటి కావు. మన ఊళ్ళో వచ్చేవి నాలుగు రకాలు.

ఒకటి, నల్లా బంద్. పైపులైను మరమ్మతు అని ఒక రోజో, రోజున్నరో నీళ్ళు రావు. ఇది అందరికీ అలవాటే, అయినా ప్రతిసారీ పరేషానే.

రెండు, రవాణా ఆగడం. సమ్మె, బంద్, లాక్‌డౌన్. పాలు, కూరగాయలు, పెట్రోల్ ముందు దెబ్బతింటాయి. బియ్యం, పప్పు దుకాణంలో కొన్నాళ్ళు ఉంటాయి.

మూడు, వరద. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకి చాలా కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అప్పుడు దుకాణంలో సరుకు ఉన్నా మీరు దుకాణం దాకా పోలేరు. కరెంటు ఉండదు, సంపులోకి మురుగు వస్తుంది. నాలుగింటిలో కష్టమైనది ఇదే.

నాలుగు, ధర మండిపోవడం. 2019 చివర్లో ఉల్లిగడ్డ, 2023 జులైలో టమాటా. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె, ఆ వెంటనే ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేయడంతో అన్ని నూనెలూ. మన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి ఎక్కడో యుద్ధమైతే మన బాండలి మాడుతుంది. సరుకు కళ్ళెదుటే ఉంటుంది, చెయ్యి పెట్టలేం.

మీ గల్లీకి ఇందులో ఏది ఎక్కువగా వస్తుందో చూసుకోండి. చెరువు కిందో, నాలా పక్కనో ఉంటే మూడోదాన్ని ముందు పెట్టుకోవాలి. గుట్ట మీద ఇళ్ళయితే నీళ్ళతో మొదలుపెట్టాలి.

రెండో అడుగు: మనుషులను కూడగట్టడం

పది నుంచి పదిహేను ఇళ్ళు చాలు. కాలనీ మొత్తాన్ని పెట్టుకుంటే అది ఎన్నికల మీటింగ్ అవుతుంది. నేను పెట్టుకున్న కొలత ఇది: రాత్రి కరెంటు పోయినప్పుడు టార్చి లేకుండా నడిచి తలుపు కొట్టగలిగినంత దూరం.

ఆ గీత లోపల ఉన్నవాళ్ళలో ఎవరినీ వదలొద్దు. సొంత ఇళ్ళవాళ్ళు మాత్రమే కూర్చుని మాట్లాడుకోవడం మన దగ్గర మామూలు. కిరాయికి ఉన్నవాళ్ళను, వాచ్‌మన్ కుటుంబాన్ని, బ్యాచిలర్ రూములను పిలవరు. మేమూ మొదట పిలవలేదు. తీరా చూస్తే ఏ వాల్వు ఎటు తిప్పాలో తెలిసింది వాచ్‌మన్ భార్యకే. మేడ మీది రూములో ఉండే నలుగురు కుర్రాళ్ళ దగ్గర కిలో బియ్యం కూడా ఉండదు గానీ నాలుగు బైకులు, ఎనిమిది చేతులు ఉన్నాయి. సంపులోంచి నీళ్ళు తోడాల్సి వచ్చిన రోజు వాళ్ళ విలువ తెలుస్తుంది.

'విపత్తు నిర్వహణ కమిటీ' లాంటి పేరు పెట్టి మీటింగ్ పిలిస్తే ముగ్గురు వస్తారు. ఎలాగూ జనం చేరే చోటే మాట ఎత్తండి. వినాయక చవితి మండపం కమిటీ ఇందుకు తయారుగా ఉన్న కమిటీ. ఎవరు ఇస్తారో, ఎవరు రేపు మాపు అంటారో వాళ్ళకి తెలుసు. పెద్ద గుండిగలు, టార్పాలిన్లు, ఎక్స్‌టెన్షన్ వైర్లు వాళ్ళ దగ్గర ఉంటాయి. పక్క గల్లీలో మసీదు ఉంటే అక్కడి కమిటీ దగ్గర దేగ్‌లు, వందమందికి వండే చెయ్యి ఉంటాయి. రెండు కమిటీలవాళ్ళూ ఒకరి ఫోన్ నంబర్ ఒకరి దగ్గర పెట్టుకుంటే సగం పని అయినట్టే. బతుకమ్మ ఆడే ఆడవాళ్ళ గుంపు అన్నిటికంటే పనికొస్తుందని నా అనుభవం. పుస్తకంలో మేం రాసుకున్న దాంట్లో ముప్పావు వంతు ఆ తొమ్మిది రోజుల్లో తెలిసిందే.

మూడో అడుగు: పుస్తకం

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్ తీసుకోండి. ఫోన్‌లో వద్దు. వరదలో ముందు చచ్చేది ఫోన్ చార్జింగే. ఇంటికో పేజీ ఇవ్వండి. ప్రతి పేజీలో నాలుగు సంగతులు చాలు.

ఈ ఇంట్లో పదిమందికి పనికొచ్చేది ఏముంది: ఇన్వర్టర్, బోరు, సంపు, రెండో సిలిండర్, ఇండక్షన్ పొయ్యి, నిచ్చెన, పెద్ద కుక్కర్, కారు, గట్టి తాడు.

ఈ ఇంటివాళ్ళకి ఏ పని వచ్చు: నర్సు, కరెంటు పని, మోటారు బాగుచేయడం, డ్రైవింగ్, వంద మందికి వంట, ఉర్దూలో దరఖాస్తు రాయడం కూడా.

ఈ ఇంట్లో ఏది ఆగితే ప్రాణం మీదికి వస్తుంది: ఇన్సులిన్, డయాలసిస్, ఆక్సిజన్ యంత్రం, పసిపాప పాలడబ్బా, మంచం దిగలేని ముసలమ్మ.

తాళంచెవి ఇంకెవరి దగ్గర ఉంది.

మూడో సంగతి దగ్గర జాగ్రత్త. జబ్బుల వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. మా దగ్గర ఒకరు మంచికే పెట్టారు, ఆ ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంది, పెద్ద లొల్లి అయింది. అప్పటినుంచి ఆ కాలమ్‌ను విడి కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరే ఉంచుతున్నాం. ఆ ఇద్దరినీ గల్లీ ఎన్నుకుంది. ఒకరు రిటైరైన స్టాఫ్ నర్సు అత్తమ్మ, ఇంకొకరు మాట బయటికి పోనివ్వని మనిషి. మీ గల్లీలోనూ అలాంటివాళ్ళు ఎవరో అందరికీ తెలిసే ఉంటుంది.

అట్ట లోపలివైపు నంబర్లు పెద్ద అక్షరాల్లో రాయండి. జలమండలి 155313, కరెంటు 1912, జీహెచ్‌ఎంసీ 040-21111111, గ్యాస్ లీకైతే 1906, అన్ని అత్యవసరాలకూ 112. కింద మీ ప్రాంతం లైన్‌మన్ నంబర్, పాలాయన నంబర్, కిరాణా సేటు నంబర్. పని ముందు నడిచేది ఈ కింది మూడు నంబర్లతోనే.

నాలుగో అడుగు: నీళ్ళు

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే.

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఊరికి సరిపోయాయి. ఇప్పుడు మన నల్లాలో వచ్చేది ఎక్కువగా నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి. రెండూ వంద కిలోమీటర్ల పైనుంచి పైపుల్లో, పంపుల మీద ఆధారపడి వస్తాయి. దారిలో ఒక పైపు పగిలినా, ఒక పంపుహౌస్‌కి కరెంటు పోయినా ఊళ్ళో సగం నల్లాలు ఎండుతాయి. ఇందులో ఎవరినీ తిట్టే పని లేదు, అంత దూరపు నీళ్ళు అంతే.

ఎన్ని నీళ్ళు కావాలి? కష్టకాలంలో తాగడానికి, వంటకి, కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు అని సహాయ సంస్థలు లెక్క పెట్టుకుంటాయి. అందులో తాగడానికి మూడు లీటర్లు. నలుగురున్న ఇంటికి మూడు రోజులకి 180 లీటర్లు, అంటే ఒక 200 లీటర్ల డ్రమ్ము. తాగే నీళ్ళు విడిగా 36 లీటర్లు, రెండు 20 లీటర్ల క్యాన్లు. ఇంతకంటే ఎక్కువ దాచే పని లేదు.

డ్రమ్ముకి మూత తప్పనిసరి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మురుగులో అనుకుంటారు, నిజానికి దానికి కావలసింది ఇలా దాచిన మంచి నీళ్ళే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, లోపల తోమి నింపుకోవాలి. ఆ నీళ్ళు మొక్కలకో, బండి కడగడానికో వాడేయండి. మేం మొదటి వేసవిలో డ్రమ్ములన్నీ మేడ మీద పెట్టాం. మే ఎండకి రెండు పగిలాయి, మిగతావాటిలో నీళ్ళు పాచి పట్టాయి. మెట్ల కింద నీడలో పెట్టండి.

ఇక గల్లీ స్థాయిలో చేయాల్సినవి.

ఎవరి సంపు పెద్దదో, ఎవరి బోరు ఎండాకాలంలో కూడా పోస్తుందో పుస్తకంలో ఉంటుంది. కరెంటు లేకపోతే సంపు నిండా నీళ్ళున్నా పైకి రావు, ఈ సంగతి అందరూ మరిచిపోతారు. ఒక గట్టి చేంతాడు, ఒక స్టీలు బకెట్, సంపు మూత తీసే కొక్కెం ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి. మా దగ్గర అవి వాచ్‌మన్ గది తలుపు వెనక వేలాడుతుంటాయి. పిల్లలను సంపు దగ్గరికి రానివ్వకుండా ఒక పెద్దమనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఈ పని చిన్నదిగా కనిపిస్తుంది, చిన్నది కాదు.

ట్యాంకర్ తెప్పిస్తే ఐదు వేల లీటర్లు. 15 లీటర్ల బిందెలైతే దాదాపు 330. ఇంటికిన్ని బిందెలు అంటూ మొదలుపెడితే గొడవే. మనుషుల లెక్కన పంచండి, ఇంటి లెక్కన కాదు. ఇద్దరున్న ఇల్లూ, ఏడుగురున్న ఇల్లూ ఒకటెలా అవుతాయి? డబ్బు కూడా అదే లెక్కలో వేసుకోవాలి. పసిపిల్లలు, మంచాన ఉన్నవాళ్ళు ఉన్న ఇంటికి ముందు పోసి, తర్వాత వరస మొదలుపెట్టండి.

వరద నీళ్ళు చేరిన సంపును నమ్మొద్దు. పైకి తేటగా కనిపించినా అందులో డ్రైనేజీ కలిసే ఉంటుంది. మొత్తం తోడేసి, గోడలు తోమి, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగిన తర్వాతే మళ్ళీ నింపాలి. అంతదాకా తాగే నీళ్ళను తెర్ల మసిలించండి, బుడగలు లేచాక ఒక నిమిషం ఉంచితే చాలు. గ్యాస్ దండగ అనుకుంటే క్లోరిన్ బిళ్ళలు వేసి, ప్యాకెట్ మీద ఎన్ని లీటర్లకి ఒకటని ఉంటే అంతే వేసి, అరగంట ఆగి తాగండి. ముందు పలచని బట్టతో వడగట్టాలి, మట్టి ఉన్న నీళ్ళలో క్లోరిన్ సరిగా పనిచేయదు. విరేచనాలు పట్టుకున్నవాళ్ళకి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి.

ఐదో అడుగు: తిండి

మా పెద్ద పొరపాటు ఇక్కడే. అపార్ట్‌మెంట్ కింద మీటర్ల గదిలో ఉమ్మడిగా రెండు బస్తాల బియ్యం, పది కిలోల పప్పు పెట్టాం. గల్లీ గోదాము అని ఒకరు చాక్‌పీసుతో బోర్డు కూడా రాశారు. రెండు నెలలకి చూస్తే పందికొక్కులు బస్తా కింద నుంచి ఖాళీ చేశాయి, మిగిలినదానికి పురుగు. అందరిదీ అయిన బస్తాను ఎవరూ చూడరు. అప్పుడు తీర్మానించుకున్నాం: ఉమ్మడి నిలువ ఉండదు. ఎవరింట్లో వాళ్ళు తమ వారం కంటే ఒక వారం ఎక్కువ ఉంచుకుంటారు, పుస్తకం మాత్రమే ఉమ్మడి.

వారం ఎక్కువ అంటే ఎంత? నలుగురు పెద్దవాళ్ళకి మనిషికి రోజుకి 300 గ్రాముల బియ్యం లెక్కన ఎనిమిదిన్నర కిలోలు. పప్పు రెండు కిలోలు. నూనె ఒక లీటరు. ఉప్పు, కారం, చింతపండు, పసుపు మామూలుగానే ఉంటాయి. పద్ధతి కూడా సులువు: కొత్త ప్యాకెట్ వెనక పెట్టి పాతది ముందు వాడాలి, ఆఖరి ప్యాకెట్ విప్పిన రోజే ఇంకోటి తేవాలి. నెలసరుకులు తెచ్చుకునే ఇళ్ళకి ఇది ఒక్కసారి అయ్యే అదనపు ఖర్చు. రోజు కూలి మీద బతికే ఇంటికి అది కూడా బరువే. అలాంటి ఇంటికి ఆ వారం సరుకు ఎవరింట్లో ఉంటుందో పుస్తకంలో ముందే రాసి పెట్టాం, అప్పటికప్పుడు వచ్చి అడిగే అవసరం లేకుండా.

కలిసి కొంటే చవక. బేగంబజార్‌లో పప్పులు, మలక్‌పేట మార్కెట్‌లో ఉల్లిగడ్డ బస్తా, ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతుబజార్లలో కూరగాయలు. ఐదిళ్ళు కలిసి ఆటో మాట్లాడుకుంటే కిరాయి గిట్టుబాటవుతుంది. బియ్యం బస్తా 25 కిలోల నుంచి 26 కిలోలకి ఎందుకు పెరిగిందో తెలుసుగా, 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వేశారు, మిల్లులవాళ్ళు ఒక కిలో పెంచి తప్పించుకున్నారు. పంచుకునేటప్పుడు ఆ కిలో దగ్గర మా గల్లీలో జరిగిన చర్చ పార్లమెంటులో కూడా జరిగి ఉండదు.

పురుగు పట్టకుండా ఎండిన వేపాకు, ఎండు మిరపకాయలు వేయండి. కందిపప్పుకి చుక్క ఆముదం రాసి ఎండలో పెట్టి డబ్బాలో పోసే పాత పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. బియ్యం డబ్బాలో పాదరసం బిళ్ళలు మాత్రం వద్దు, అది విషం.

వరద రోజులకి పొయ్యి వెలిగించకుండా తినేవి విడిగా ఉండాలి: అటుకులు, పేలాలు, పుట్నాలు, పల్లీలు, బెల్లం. ఎండాకాలంలో పెట్టిన మామిడికాయ తొక్కు, ఒరుగులు, వడియాలు, కారప్పొడి కూరగాయలు దొరకని వారాన్ని దాటిస్తాయి. మన ముందుతరం వానాకాలానికి చేసుకున్న ఏర్పాటు అదే, మనం దాన్ని రుచికి పరిమితం చేసుకున్నాం.

రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి తెలంగాణలో 2025 నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తోంది. ఆ ఏడాది జూన్‌లో వానాకాలం అని మూడు నెలల కోటా ఒకేసారి ఇచ్చారు. ఒకేసారి వచ్చిన బియ్యాన్ని పెట్టుకోవడానికి ఒక్క గది ఇంట్లో చోటుండదు. పక్కింటి డ్రమ్ములో పెట్టించి పేరు రాయండి, చాలు.

ఇప్పుడు కిరాణా సేటు సంగతి. లాక్‌డౌన్ మొదటి వారంలో యాప్‌లలో డెలివరీ స్లాట్ లేదని చూపించేది. మా గల్లీ మలుపులో దుకాణం సగం షట్టర్ ఎత్తి, తెలిసిన మొహాలకి ఉద్దెర కూడా ఇచ్చింది. తెలిసిన మొహం కావాలంటే మామూలు రోజుల్లో అక్కడ కొనాలి. నెల సరుకుల్లో కొంతయినా అక్కడ కొనాలని మా గుంపులో ఒప్పందం. రెండు రూపాయలు ఎక్కువైతే అయింది. ఆయన కూడా పుస్తకంలో ఒక పేజీ. గోదాములో ఏది తగ్గుతుందో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే.

గ్యాస్, ఉమ్మడి పొయ్యి

వంటగ్యాస్‌లో కూడా సగానికి పైగా మనం దిగుమతి చేసుకునేదే, ఎక్కువగా గల్ఫ్ నుంచి. సముద్రం మీద ఏదైనా అయితే బుకింగ్ ఆలస్యమవుతుంది. ఒకటే సిలిండర్ ఉన్న ఇళ్ళు ఎన్నో, రెండున్నవి ఎన్నో రాసుకోండి. సిలిండర్ చేబదులు ఇస్తే ఏ కంపెనీదో అదే కంపెనీది తిరిగివ్వాలి, లేకపోతే రీఫిల్ దగ్గర చిక్కు. పెద్ద సిలిండర్‌లోంచి చిన్నదానిలోకి గ్యాస్ ఎక్కించే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి కూడా వద్దు.

కొరత ముదిరితే ఇళ్ళలో పద్నాలుగు పొయ్యిలు వెలిగించే బదులు ఒక పెద్ద గుండిగలో వండుకోవడం మేలు. ఒక పూట కిచిడీ, ఒక పూట పులిహోర. ఎవరు ఏం తినరో ముందే తెలిసి ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి తినని ఇల్లు ఉంటుంది, మాంసం వండిన గిన్నె ముట్టని ఇల్లు ఉంటుంది. మేం దీనికి వాదన పెట్టుకోలేదు, ఉమ్మడి గుండిగ మాంసం ఎరగని గుండిగ, ఉల్లి విడిగా అని తేల్చేశాం. మాంసం తినేవాళ్ళు నాలుగు రోజులు ఓర్చుకున్నారు.

మందులు

ఇక్కడ చేబదులు పనిచేయదని ముందే చెప్పుకోవాలి. బీపీ మాత్ర అని అడిగితే బీపీ మాత్ర ఇచ్చేయడం ప్రమాదం. లోపలి మందు పేరు, మోతాదు రెండూ కలిసి, డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడితేనే. రోజూ మందులు వేసుకునేవాళ్ళు ఎప్పుడూ పది రోజుల మందు ఎక్కువ ఉంచుకోవడం, చీటీ ఫోటో, ఒక జిరాక్స్ పెట్టుకోవడం సరైన దారి. ఖర్చు ఎక్కువనిపిస్తే జన ఔషధి కేంద్రంలో అదే మందు చవకగా దొరుకుతుందేమో అడగండి.

ఇన్సులిన్ విషయం వేరు. విప్పని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడిచే ఇల్లు ఏదో పుస్తకంలో ఉంటుంది, సీసాలు డబ్బాలో పెట్టి పేరు రాసి అక్కడ ఇవ్వాలి. ఐసుకి తగిలించొద్దు, గడ్డ కట్టినదాన్ని పారేయాల్సిందే. వాడుతున్న సీసా ఎండ తగలని చల్లటి చోట దాదాపు నాలుగు వారాలు నిలుస్తుంది. మే నెలలో మన ఇళ్ళలో చల్లటి చోటంటే మట్టికుండే: తడి ఇసుకలో కుండ, కుండలో పొడి డబ్బా, డబ్బాలో సీసా.

డయాలసిస్ ఉన్న ఇంటికి వారంలో ఏ రోజు, ఏ టైము, ఎవరి బండి అన్నది ఆ ఇద్దరి దగ్గరుండే విడి కాగితం మీద ముగ్గురి పేర్లతో ఉంది. మొదటివాళ్ళు కుదరకపోతే రెండోవాళ్ళు, తర్వాత మూడోవాళ్ళు. ఆ మూడు బండ్లలో ఎప్పుడూ సగం ట్యాంకుకి తగ్గనివ్వం. సీసాల్లో, క్యాన్లలో పెట్రోల్ దాచే పని మాత్రం ఎవరూ చేయకూడదు. ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అది.

చేబదులు నియమాలు

మంచి మనసుల మీద వదిలేస్తే మూడోసారికి మనసులు విరుగుతాయి. అందుకే రాసుకోవాలి.

ఏ గిన్నెతో ఇచ్చారో ఆ గిన్నెతోనే తిరిగివ్వాలి. మా అమ్మమ్మ కాలంలో సోల, మానిక ఉండేవి, మేం ఒక స్టీలు డబ్బాను కొలతగా పెట్టుకున్నాం. దుకాణాలు తెరిచిన పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి. డబ్బుగా అడగకూడదు, వడ్డీ మాట రాకూడదు. ఇవ్వలేనివాళ్ళు పనితో తీర్చొచ్చు, నీళ్ళు మోయడం, క్యూలో నిలబడడం, ముసలివాళ్ళకి తోడు పడుకోవడం. ఇచ్చినవాళ్ళు ఫోటో తీసి గ్రూపులో పెట్టకూడదు. ఈ ఆఖరి నియమం ఒప్పించడానికి రెండు మీటింగులు పట్టింది.

ఇంకో చిన్న చిక్కు. దీపాలు పెట్టాక ఉప్పు, పెరుగు, డబ్బు చేతికివ్వని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, శుక్రవారమైతే మరీ. కాదంటే అవమానమనుకుని ఇంకోసారి అడగరు. మా గల్లీలో సాయంత్రం ఐదుకి ఒక గంట 'చేబదులు వేళ' పెట్టాం. ఎవరి నమ్మకం వాళ్ళదే, ఇచ్చేది సూర్యుడుండగానే ఇచ్చేస్తారు.

ఇంటికి నెలకి వంద. 14 ఇళ్ళకి ఏడాదికి 16,800. ట్యాంకర్లకి, క్లోరిన్‌కి, ఉమ్మడి గుండిగకి. మొదటి ఏడాది ఆ డబ్బు నిమజ్జనం బ్యాండుకి పోయింది, ఎవరు ఒప్పుకున్నారో ఈనాటికీ తేలలేదు. ఇప్పుడు ఇద్దరి సంతకం లేకుండా పైసా కదలదు, ప్రతి నెలా లెక్క కాగితం గేటు మీద అంటిస్తాం.

పుకార్లు

2016 నవంబర్‌లో నోట్ల రద్దు జరిగిన వారంలోనే ఉప్పు అయిపోతోందని పుకారు లేచి జనం దుకాణాల మీద పడ్డారు. మూడు వైపులా సముద్రమున్న దేశంలో. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపగానే అమెరికాలో మనవాళ్ళు సోనామసూరి కోసం స్టోర్ల ముందు బారులు తీరి, ఒక్కొక్కరూ బస్తాల కొద్దీ మోసుకుపోయిన వీడియోలు చూసే ఉంటారు. అరలు ఖాళీ చేసింది ఎగుమతి నిషేధం కాదు, ఆ తోపులాట.

మా నియమం: 'దొరకడం లేదట' అన్న మెసేజ్ గ్రూపులో వస్తే ఎవరూ ఫార్వర్డ్ చేయరు. మేడ మీది కుర్రాళ్ళలో ఒకడు మూడు దుకాణాలు తిరిగి చూసి రాస్తాడు. అది వచ్చేదాకా ఎవరూ ఎక్కువ కొనరు. నిజంగా తగ్గిందని తేలితే ఇంటికి ఇంత అని కొని, చిన్నపిల్లలున్న ఇంటికి ముందు ఇస్తాం.

ఆఖరి అడుగు: సాధన, సవరణ

దీనికి మాక్ డ్రిల్ అంటే ఎవరూ రారు. జలమండలి ఫలానా రోజు నీళ్ళు బంద్ అని ప్రకటించినప్పుడల్లా దాన్నే సాధనగా వాడుకోండి. ఆ రోజు మోటారు వేయకుండా చేంతాడుతో తోడి చూడండి. మా మొదటిసారి తాడు పొట్టిదైంది.

పుస్తకాన్ని ఏడాదికి రెండుసార్లు దిద్దాలి. జూన్ మొదట్లో, మృగశిరకి చేపలు తెచ్చుకునే వారం ఒకసారి: వానలు మొదలవుతాయి, కిరాయి ఇళ్ళు మారతాయి, పేజీలు మారతాయి. సంక్రాంతికి ముందు రెండోసారి. ఆ వారం గల్లీలో సగం మంది ఊళ్ళకి పోతారు. పోయేవాళ్ళు తాళంచెవి ఎవరికిచ్చారో, సిలిండర్ వాల్వు కట్టారో లేదో, ఫ్రిజ్‌లో వేరేవాళ్ళ ఇన్సులిన్ ఉందో లేదో ఆ పేజీలో రాసి, సంతకం పెట్టి బస్సెక్కుతారు. పోయినసారి ఇన్వర్టర్ ఉన్న మూడిళ్ళవాళ్ళూ ఒకే రోజు బయల్దేరుతున్నారని అలా రాస్తేనే తెలిసింది. ఒకరు రెండు రోజులు ఆగి వెళ్ళారు.